దస్త్రపు పెట్టె – తాళపుచెవి

విశ్వవిద్యాలయములు తమ ఒప్పందపత్రములను భద్రపరచుటకును, గడువులను జ్ఞాపకము చేయుటకును, సంతకములను సేకరించుటకును తగిన సాఫ్ట్‌వేరును సమకూర్చు సంస్థలను టెండరు ప్రకటనలతో పిలుచు దినములు వచ్చినవి. పైకి చూడ నిది గుమాస్తాల గదికి సంబంధించిన చిన్న కొనుగోలు. కుర్చీలును బీరువాలును కొన్నట్లే దీనిని గూడ కొని, తక్కువ ధర చెప్పినవానికి పని యొప్పగించి యూరకుండ వచ్చునని తలచువారు పెక్కుమంది కలరు. మా యభిప్రాయము వేరు. బీరువాను కొన్ననాడే దాని తాళపుచెవి మన చేతికి వచ్చును. ఈ క్రొత్త బీరువా విషయమున తాళపుచెవి చాలసార్లు అమ్మినవాని యొద్దనే నిలిచిపోవును. పత్రములు మనవి, తాళము పరునిది అను స్థితి రాకుండ చూచుకొనుటయే ఈ కొనుగోలులోని ప్రధాన విషయమని మేము తలచుచున్నాము.

ఇట్టి సాధనమే అక్కఱలేదని మేము చెప్పుటలేదు. ఒక విశ్వవిద్యాలయము ఎన్ని ఒప్పందములకు కట్టుబడి యుండునో బయటివారు ఊహింపలేరు. భోజనశాల నడుపు కాంట్రాక్టరు, కావలివారిని పంపు ఏజెన్సీ, పారిశుద్ధ్యపు పని, విద్యార్థుల బస్సులు, లిఫ్టులకును జనరేటర్లకును ఏటేటి మరమ్మతు, గ్రంథాలయమునకు వచ్చు ఎలక్ట్రానిక్ పత్రికల చందాలు, పరిశోధనకు ద్రవ్యమిచ్చు సంస్థల షరతులు, విదేశ విద్యాలయములతో అవగాహన పత్రములు, కొద్ది కాలమునకు నియమింపబడిన అధ్యాపకుల నియామకములు, ఇవన్నియు ఒప్పందములే. ఇవి యొక్కచోట నుండవు. కొన్ని రిజిస్ట్రారు కార్యాలయమున, కొన్ని ఇంజనీరు గదిలో, మఱికొన్ని ఎవరో ఆచార్యుని ఈమెయిలులో పడియుండును. కాంట్రాక్టరు హామీగా నిచ్చిన బ్యాంకు గ్యారంటీ గడువు ఎవరి కంటను బడకుండ తీరిపోవును. అటుపిమ్మట పని చెడినను ఆ గ్యారంటీనుండి పైకము రాదు. నోటీసు ఈయవలసిన తేది దాటిపోవుటచే అక్కఱలేని చందా దానంతటదే మఱియొక యేడు పొడిగింపబడును. గుమాస్తా బదిలీయైన దినమున కార్యాలయపు జ్ఞాపకము గూడ ఆయనతోనే బదిలీయగును. ఈ నష్టములు పద్దులలో ఎచ్చటను ప్రత్యేకముగా కానరావు గాని ప్రజాధనమునుండియు విద్యార్థుల ఫీజులనుండియు తీరునవే.

ఈ లోపములను తీర్చుటకే సాఫ్ట్‌వేరు పుట్టినది. ముసాయిదాను నమూనానుండి తయారుచేయుట, దానిని న్యాయసలహాదారునకును ఆర్థికాధికారికిని వరుసగా పంపుట, ఎవరు ఏ వాక్యమును ఎప్పుడు మార్చిరో గుర్తుంచుట, ఎలక్ట్రానిక్ సంతకము వేయించుట, గడువునకు ముందుగా హెచ్చరించుట, వలసినపుడు వెదకి యిచ్చుట, ఇవి దాని పనులు. చట్టమును దీనికి అడ్డుగా లేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ ఎలక్ట్రానిక్ పద్ధతిని కుదిరిన ఒప్పందమును ఆ కారణము చేతనే చెల్లదనరాదని స్పష్టపఱచినది. కావున యంత్రము వలయునా, వలదా అను చర్చ తీరిపోయినది. దానిని ఏ షరతులపై ఇంటికి తెచ్చుకొనవలెను అను చర్చయే మిగిలియున్నది.

ఈ చర్చకు హైదరాబాదు ఉత్తరపు శివారులోని శామీర్‌పేటకంటె తగిన స్థలము మఱియొకటి లేదు. 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి ప్రక్కన, పెద్ద చెరువున్న ఈ యూరిలోనే నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము కలదు. అది 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టముచే పుట్టినది. తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దానికి ఛాన్సలరు. అదే ప్రాంతమున 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాదు విద్యాలయము వెలసినది. తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీలో టీకాలును మందులును తయారుచేయు సంస్థలు నిలిచినవి. ఒకప్పుడు వరియు జొన్నయు పండిన నేలమీద నేడు ఒప్పందపత్రములు పండుచున్నవన్నను అతిశయోక్తి కాదు. అన్నిటికంటె ముఖ్యమేమనగా, 1872 నాటి భారత ఒప్పందముల చట్టమును వాక్యము వాక్యముగా విప్పి బోధించు గురువులును, దానిని చదువుకొను యువకులును ఈ యూరనే యున్నారు. శామీర్‌పేట గాని మేడ్చల్ గాని, ఈ పరిసరముల ఏ విద్యాలయమైనను ఇట్టి టెండరును పిలుచునాడు, విక్రేత పంపిన ముద్రిత ఫారముపై కన్నులు మూసికొని సంతకము చేసిన యెడల, అది వైద్యుని యింట పథ్యము తప్పినట్లే యగును.

ఈ నేలకు వ్రాతపత్రముల విషయమున పాత జ్ఞాపకము కలదు. 1948 వరకును నిజాము రాజ్యమున కచేరీల భాష ఉర్దూ. పొలము దున్నువాడు మాటాడునది తెలుగు. వ్రాత యొకరిది, వ్రేలిముద్ర మఱియొకరిది. అప్పు తీర్చలేక ఆసామి యింట ఏండ్ల తరబడి చాకిరి చేసిన భగేలాల స్థితి తెలంగాణ చరిత్ర చదివినవారెల్లరు నెఱుగుదురు. ఆ యొప్పందములను నియమమునకు లోబఱచుటకు నిజాము ప్రభుత్వము 1936లో నొక నిబంధన చేసినది. అయినను ఆ నిబంధన కాగితమును దాటి పొలము గట్టు చేరలేకపోయినది. తన పత్రమును తాను చదువలేనివానికి చట్టమెంత మంచిదైనను అక్కఱకు రాలేదు. ఒప్పందము ఒక పక్షము చేతిలో దాగియున్నంతకాలము రెండవ పక్షమునకు అది సంకెలయే. ఈ పాఠమును మఱచి, ఇంగ్లీషు తెఱల వెనుక పత్రములను దాచు క్రొత్త పెట్టెను తెచ్చుకొనుట వివేకము గాదు.

సాఫ్ట్‌వేరు కొనుగోలులో నిర్లక్ష్యము ఏమి చేయునో తెలంగాణ 2019లో చూచినది. ఆ యేడు ఏప్రిలు మాసమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడగా మార్కుల జాబితాలలో తప్పులు బయల్పడినవి. తెలుగు పరీక్షలో సున్న వచ్చెనని ప్రకటింపబడిన యొక బాలికకు తిరిగి చూడగా 99 మార్కులున్నవి. ఆ దినములలో పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొన్నారని పత్రికలు వ్రాసినవి. తల్లిదండ్రులు వీధుల కెక్కిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల కమిటీని నియమించి, తప్పినవారందఱి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపజేసినది. వేయిమందికి పైగా విద్యార్థులు తిరిగి చూచిన మీదట ఉత్తీర్ణులైరి. ఫలితముల పని చేసిన సాఫ్ట్‌వేరు ఒక ప్రైవేటు సంస్థది; తప్పుల భారము మోసినవారు పదునేడు, పదునెనిమిది యేండ్ల పిల్లలు. పనిని బయటివారికి ఒప్పగించినను బాధ్యత ఒప్పగింపబడదని యీ యుదంతము మనకు నేర్పినది. తగినంత పరీక్ష చేయక ఏ యంత్రమును నిజమైన పనికి పెట్టరాదనియు నేర్పినది.

విదేశములలో నింతకంటె ధనవంతులు గూడ నిట్లే తడబడిరి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరసభ తన జమాఖర్చులకును జీతములకును ఒరాకిల్ వారి క్రొత్త సాఫ్ట్‌వేరును 2022 ఏప్రిలులో ప్రవేశపెట్టినది. తొలుత దాదాపు 1 కోటి 90 లక్షల పౌండ్లని తలచిన వ్యయము 10 కోట్ల వరకు పోవునని 2023 నాటికి అంచనా వేసిరి. నగరసభ తన లెక్కలు తాను సరిగా చూపుకొనలేని స్థితి వచ్చినది. తమ పాత యలవాట్లకు సరిపడునట్లు క్రొత్త యంత్రమును అడుగడుగునకు మార్చబోవుట ఆ కష్టములకు ఒక కారణము. ఇంటిని చక్కదిద్దుకొనక ముందే సామగ్రి తెచ్చినవారి గతి యింతే. కనుక విద్యాలయము మొదట తన ఒప్పందములెన్ని, ఎచ్చట నున్నవి, ఎవరి యనుమతి ఏ మొత్తమునకు వలయును అను జాబితాను తానే సిద్ధము చేసికొని, పిమ్మట టెండరు పిలువవలెను. ఈ పనికి సాఫ్ట్‌వేరు అక్కఱలేదు. ఇద్దఱు శ్రద్ధగల గుమాస్తాలును కొన్ని వారములును చాలును.

ఇక టెండరులో నుండవలసిన షరతులను గూర్చి మా యభిప్రాయమును మనవిచేయుదుము.

మొదటిది స్వాధీనము. పత్రములు, వాని యనుబంధములు, మార్పుల చరిత్ర, ఎవరెవరు చూచిరను గుర్తులు, సమస్తము విద్యాలయపు సొత్తని స్పష్టముగా వ్రాయవలెను. విక్రేత వానిని కాపాడువాడే గాని యజమాని కాడు. నేడు కృత్రిమ మేధస్సుతో ఒప్పందములను చదివి సారాంశము చెప్పు యంత్రములు వచ్చినవి. మన పత్రములను తన యంత్రమునకు శిక్షణగా వాడుకొను హక్కు విక్రేతకు లేదను వాక్యము తప్పక యుండవలెను. వ్యక్తుల సమాచారమును గూర్చి 2023లో పార్లమెంటు చేసిన చట్టము సైతము పనిని మఱియొకరిచేత చేయించుకొన్నను బాధ్యత మొదటివారిదే యనియు, ఆ పనిని చెల్లుబాటైన ఒప్పందము క్రిందనే యప్పగింపవలెననియు చెప్పుచున్నది. ఆ చట్టపు నియమములు 2025 నవంబరులో వెలువడి విడతలుగా నమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినవి. కావున నిది యిష్టమున్నచో వ్రాసికొను వాక్యము గాదు.

రెండవది వీడ్కోలు. వేరుపడునాటి మాటలు కలియునాడే వ్రాసికొనుట మేలు. గడువు ముగిసిన దినమున పత్రములన్నియు సాధారణమైన, ఏ యంత్రముపైనైనను తెఱువదగిన రూపమున, అదనపు రుసుము లేకుండ, నిర్ణీత దినములలో తిరిగి యీయవలెను. పిమ్మట తన యొద్దనున్న ప్రతులను తుడిచివేసితినని విక్రేత వ్రాసి యీయవలెను. ఈ వాక్యము లేని ఒప్పందమున మొదటి యేటి చౌక ధర ఎరయే యగును. మూడవ యేట ధర రెట్టింపైనను వదలి పోవుటకు దారి యుండదు. కనుక ధరను ఒక్క యేటికి గాక కనీసము ఐదేండ్లకు లెక్కించి పోల్చవలెను. మనిషికింతయని లెక్కగట్టు పద్ధతియందు అధికారులు రుసుము తగ్గించుటకై క్రింది యుద్యోగులను దూరముంచుదురు. అపుడు పత్రములు మరల ఎవరి సొరుగులోనికో చేరును.

మూడవది న్యాయస్థానము. పెద్ద సంస్థల ముద్రిత షరతులలో వివాదము వచ్చినచో ఎచ్చటనో దూరదేశమున మధ్యవర్తి యెదుట తేల్చుకొనవలెనను వాక్యము తఱచుగా నుండును. మేడ్చల్ జిల్లాలోని విద్యాలయము, ఇచ్చటి పని, ఇచ్చటి ధనము. విచారణయు నిచ్చటి న్యాయస్థానముననే జరుగవలెను. బలవంతుడు వ్రాసిన ఫారముపై బలహీనుడు చుక్కల గీత మీద సంతకము చేయుటను మన సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ వ్యాజ్యెమున తీవ్రముగా విమర్శించి, ఉద్యోగిపై మోపిన అన్యాయపు షరతును కొట్టివేసినది. కాని ఆ రక్షణ నిరుపాయులకు. ఇంటినిండ న్యాయవాదులున్న విశ్వవిద్యాలయము నిరుపాయత్వమును చెప్పుకొనజాలదు.

విక్రేతలను ఎన్నుకొను పద్ధతిని గూర్చియు నొక మాట. టెండరులో నిన్ని కోట్ల వార్షిక వ్యాపారము, ఇన్ని విశ్వవిద్యాలయముల యనుభవము ఉండితీరవలెనని వ్రాసినచో ఒకరిద్దఱు పెద్దవారు తప్ప ఎవరును తలుపు దాటలేరు. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి ఆర్థిక నియమములే క్రొత్త సంస్థలకు గుణమును తగ్గింపకుండ అనుభవమును వ్యాపారమును గూర్చిన షరతులను సడలింపవచ్చునని చెప్పినవి. 2003లోనే టెండర్లను కంప్యూటరు మీదికి తెచ్చినది తెలుగువారి ప్రభుత్వము. హైదరాబాదు నగరమున సాఫ్ట్‌వేరు వ్రాయు తెలివిగల యువకులకు లోపము లేదు. మేము స్వదేశాభిమానము పేర నాసి సరుకు కొనుడనుట లేదు. అందఱిని ఒక్క తక్కెడలో తూచుడనుచున్నాము. ఆ తక్కెడ యేమనగా, విద్యాలయము తన పాత ఒప్పందములలో నొక నూఱింటిని పేర్లు చెరిపి ప్రతి పోటీదారునకు నిచ్చి, గడువులు, హామీలు, జరిమానాల వాక్యములు వెదకి చూపుమని యడుగవలెను. వానిలో తెలుగు పత్రములును, వంకరగా స్కాను చేసిన పాత కాగితములును ఉండవలెను. ప్రదర్శనమునకై మెఱుగు పెట్టిన నమూనాలకంటె ఈ పరీక్ష నిజము చెప్పును.

ఇక అన్నిటికంటె తక్కువగా చర్చింపబడునది, మా మనస్సున అన్నిటికంటె ఎక్కువైనది, ఈ పత్రముల క్రింద బ్రతుకువారి సంగతి. విద్యాలయపు ద్వారమున నిలుచు కావలివాడు, వంటశాలలో పాత్రలు తోము స్త్రీ, పచ్చికకు నీరు పెట్టు తోటమాలి చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చువారు. వారి పేరు ఏ ఒప్పందముపైనను ఉండదు. వారి జీతము మాత్రము ఆ యొప్పందము మీదనే యుండును. కాంట్రాక్టరు వేతనమీయనియెడల ప్రధాన యజమాని చెల్లించి పిమ్మట కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు శ్రామికుల చట్టము చెప్పినది. ఆ సూత్రము 2020 నాటి క్రొత్త కార్మిక స్మృతిలోను నిలిచియున్నది. కాని కాంట్రాక్టరు చెల్లింపలేదని యజమానికి తెలియునది ఎపుడు? కార్మికులు పని మాని గేటు ముందు కూర్చున్ననాడు. కొనబోవు సాఫ్ట్‌వేరు ఈ యొక్క పని చేసినను దాని వెల తీరును: వేతనములు బ్యాంకులో పడిన రుజువును, భవిష్యనిధి చలానును జతపఱుపనిదే కాంట్రాక్టరు బిల్లు ముందుకు కదలరాదు. ప్రతి కార్మికునకు తన దినకూలి, పనివేళలు, సెలవులు, ఫిర్యాదు చేయవలసిన చోటు తెలిపెడి ఒక్క పుట తెలుగు సారాంశము ఆ పెట్టెనుండియే వెలువడవలెను. భారతీయ భాషల యంత్రానువాదమునకై 2022లో కేంద్ర ప్రభుత్వమే భాషిణి యను ఏర్పాటును ప్రారంభించినది. అనువాదమును మనుష్యుడొకడు సరిచూచినచో ఇది అసాధ్యము గాదు. విద్యార్థులకు మేలైన యభ్యాసమును అగును. న్యాయవిద్యార్థి ఇట్టి సారాంశమొకటి వ్రాసిననాడు ఒప్పందమనగా నేమో నిజముగా తెలిసికొనును.

ప్రజల హక్కును గూడ మఱువరాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రభుత్వాధికార సంస్థలు తమ దస్త్రములను పట్టికలతో క్రమపఱచి, వీలైనంతవఱకు కంప్యూటరులోనికి తెచ్చి, ప్రజలకు తామై తెలుపవలెనని చెప్పుచున్నది. వ్యాపార రహస్యముల మినహాయింపు అందు లేకపోలేదు. కాని ఎవరితో, ఎంత మొత్తమునకు, ఎంత కాలమునకు ఒప్పందము కుదిరినది అనునది రహస్యము గాదు. ఈ జాబితాను పెట్టెనుండి నేరుగా ప్రకటించు ఏర్పాటు టెండరులోనే కోరవలెను. అడిగినవారికి మాత్రమే చూపు దస్త్రము సగము మూసిన దస్త్రమే.

కొందఱు విజ్ఞులు మాతో నిట్లనవచ్చును: ఇన్ని షరతులు పెట్టినచో టెండరునకు ఎవరు వత్తురు? పని యాలస్యమగును, ధర పెరుగును. చిన్న కార్యాలయమునకు నింత తూనిక యేల? ఈ యాక్షేపణలో కొంత సత్యము కలదు. షరతులు పెరిగిన కొలది ధర కొంత పెరుగవచ్చును. ఒకరిద్దఱు పోటీదారులు తప్పుకొనవచ్చును. అందుచే షరతులన్నియు నొక్క బరువున నుండవలెనని మేము పట్టుపట్టము. హెచ్చరికల రంగులు, తెఱమీది సొగసు, చేతి ఫోనులో చూచు సదుపాయము బేరమునకు లొంగవచ్చును. స్వాధీనము, వీడ్కోలు, కార్మికుని పుట, ప్రజల జాబితా, ఈ నాలుగింటిలో బేరము కూడదు. వీనిని కాదనువాడు తప్పుకొనుటయే విద్యాలయమునకు లాభము. ఆలస్యమును గూర్చి యన్ననో, ఇన్నాళ్లు బీరువాలలో నున్న కాగితములు ఇంకను మూడు నెలలు బీరువాలలోనుండుటచే మిన్ను విఱిగి మీద పడదు. తొందరపడి చేసిన సంతకమును తుడుచుటకు మాత్రము ఏండ్లు పట్టును.

విశ్వవిద్యాలయము దేశమునకు మాదిరి. అది చేసిన ఒప్పందమును రేపు పురపాలక సంఘములును, ఆసుపత్రులును, మార్కెట్ కమిటీలును చూచి వ్రాసికొనును. న్యాయశాస్త్రము చెప్పు గురువులును శిష్యులును కూర్చుండి, ఇట్టి కొనుగోలునకు తగిన యొక మంచి టెండరును, ఒక మంచి ఒప్పందపు నమూనాను తెలుగునను ఇంగ్లీషునను వ్రాసి ప్రకటించినచో, దానివలన కలుగు మేలు ఒక ప్రాంగణముతో నిలువక ఉభయ తెలుగు రాష్ట్రములకును చేరును. శామీర్‌పేటకును మేడ్చల్‌కును ఆ కీర్తి దక్కవలెనని మా కోరిక. పెట్టెను ఎవరియొద్దనైనను కొనవచ్చును. తాళపుచెవిని మాత్రము చేత పుచ్చుకొనిన పిమ్మటనే వెల చెల్లింపవలెనని అధికారులకు మా హెచ్చరిక.